ఐఐటీ, ఎన్ఐటీ సీటొస్తే ఫీజు చూసి వదిలేయకండి, ముందు ఈ లెక్క చూడండి

పోయినేడు జూన్‌లో మా వీధిలో ఒకాయన, ఆటో నడుపుతారు, కూతురికి ఎన్ఐటీలో సీటొస్తే ఫీజు చూసి వద్దనేశారు, ఊళ్ళో కాలేజీలోనే చేర్పిద్దాం రీయింబర్స్‌మెంట్ వస్తుంది కదా అని. రెండ్రోజులు పక్కన కూర్చుని లెక్క వేసి చూపిస్తే గానీ ఒప్పుకోలేదు. ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నా, ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఇప్పుడే చదివి పెట్టుకోండి, ర్యాంకు వచ్చాక దేనికీ టైం ఉండదు.

ఐఐటీలో బీటెక్ ట్యూషన్ ఫీజు ఏడాదికి 2 లక్షలు, ఎన్ఐటీలో 1.25 లక్షలు. అందరూ ఈ నంబరు దగ్గరే ఆగిపోతారు. కానీ ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ పిల్లలకి ట్యూషన్ మొత్తం మాఫీ. మిగతావాళ్ళలో ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపుంటే మొత్తం మాఫీ, లక్ష నుంచి 5 లక్షల మధ్య ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. అంటే ఆ ఆటో ఆయన కట్టాల్సింది 1.25 లక్షలు కాదు, దాదాపు 42 వేలు. హాస్టల్, మెస్ వేరే ఉంటాయి, అవి ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి కాబట్టి ఆ కాలేజీ సైట్లో చూసి కలుపుకోండి.

ఆ మిగిలినదానికి లోన్ ఉంది. 2024 నవంబర్‌లో కేంద్రం పీఎం విద్యాలక్ష్మి అని చదువు లోన్ల పథకం తెచ్చింది, పొలం కాగితాలు తాకట్టు పెట్టక్కర్లేదు, షూరిటీ సంతకం కోసం ఎవర్నీ బతిమాలక్కర్లేదు, ఐఐటీలు ఎన్ఐటీలు అన్నీ ఆ పథకం కాలేజీల లిస్టులో ఉన్నాయి. ఆదాయం 8 లక్షల లోపుంటే 10 లక్షల వరకు లోన్ మీద, చదువు అయ్యి ఇంకో ఏడాది దాకా, 3 శాతం వడ్డీ ప్రభుత్వమే కడుతుంది. పోర్టల్లో మీరే అప్లై చేసుకోవచ్చు, మధ్యలో ఎవరికీ డబ్బులివ్వకండి.

ఇంక అసలు పిల్లలు దెబ్బతినేది సర్టిఫికెట్ల దగ్గర. మన దగ్గర బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ అని ఉండే కుల సర్టిఫికెట్ జోసా కౌన్సెలింగ్‌లో (ఐఐటీ, ఎన్ఐటీ సీట్లన్నీ కలిపి ఇచ్చేది) పనికిరాదు, కేంద్రం ఫార్మాట్లో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న వర్గం కాదు అని) వేరే తీసుకోవాలి. ఇంకో మెలిక, రాష్ట్రం బీసీ లిస్టులో ఉన్న కొన్ని కులాలు కేంద్రం ఓబీసీ లిస్టులో ఉండవు, అలాంటివాళ్ళు ఆదాయం, ఆస్తి రూల్స్‌కి సరిపోతే ఈడబ్ల్యూఎస్‌కి (ఆర్థికంగా వెనకబడినవాళ్ళ కోటా) వెళ్ళొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలీక ఓపెన్లో పోటీ పడుతున్నారు, చూస్తే బాధేస్తుంది. ఓబీసీ అయినా ఈడబ్ల్యూఎస్ అయినా సర్టిఫికెట్ మీద తేదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాతదే ఉండాలి. అందుకని ఏప్రిల్ మొదటి వారంలోనే మీసేవకో సచివాలయానికో వెళ్ళి అప్లై చేసేయండి, ఆదాయం సర్టిఫికెట్ కూడా అప్పుడే, జూన్‌లో అయితే ఊరంతా అక్కడే ఉంటుంది. నా టైంలో నేను పాత సర్టిఫికెట్ పట్టుకుని తిరిగాను, కొత్తది చేతికొచ్చేసరికి వారం రోజులు నిద్ర లేదు.

ఇంకోటి, ఇంటర్ ఎక్కడ చేర్పించాలి అనేటప్పుడే ఆలోచించాల్సింది. ఎన్ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్ వాళ్ళకి, ఆ హోమ్ స్టేట్ మీ ఆధార్ అడ్రస్ చూసి ఇవ్వరు, ఇంటర్ ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే. పాలకొల్లు అమ్మాయి హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే తెలంగాణ కిందికే వస్తుంది.

వెబ్ ఆప్షన్లు ఎన్ని పెట్టినా పర్లేదు, పొదుపు చేయకండి, కానీ ఆర్డర్ మాత్రం మీకు నిజంగా ఏది ముందు కావాలో అదే ముందు పెట్టండి, నా ర్యాంకుకి రాదులే అని కిందకి తోయొద్దు, రాకపోతే దాని తర్వాతది చూస్తారు అంతే, నష్టమేం లేదు. సీటొచ్చాక ఇది ఉంచుకుంటూ పైది కూడా కావాలంటే ఫ్లోట్, అదే కాలేజీలో మంచి బ్రాంచ్ చాలనుకుంటే స్లైడ్, ఇదే చాలనుకుంటే ఫ్రీజ్. ఏది పెట్టినా సీట్ యాక్సెప్టెన్స్ ఫీజు గడువులోపు కట్టాలి, కట్టకపోతే ఆ సీటే కాదు, మొత్తం కౌన్సెలింగ్ నుంచే బయటికి పోతారు. కాబట్టి రిజల్ట్స్‌కి ముందే ఆ డబ్బు అకౌంట్లో వేసి ఉంచండి.

ఇంజనీరింగ్ వద్దు, లెక్కలంటే ప్రాణం అనే పిల్లలుంటే ఐఎస్ఐలో (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) బీస్టాట్, బీమ్యాథ్ డిగ్రీలు ఉన్నాయి, ట్యూషన్ ఫీజు లేదు, పైగా నెలకి 5 వేలు స్టైపెండ్ ఇస్తారు, దానికి వేరే ఎంట్రన్స్ రాయాలి. మన వైపు దీని గురించి చెప్పేవాళ్ళే లేరు.

కౌన్సెలింగ్ అయ్యేదాకా రిజిస్టర్ చేసిన ఫోన్ నంబర్ మార్చకండి. నెట్ సెంటర్ వాళ్ళ నంబర్, వాళ్ళ మెయిల్ అసలే ఇవ్వకండి, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉండాలి. డాక్యుమెంట్లు అప్‌లోడ్ చేశాక వాటిలో ఏదైనా తేడా ఉంటే సరిచేయమని క్వెరీ వస్తుంది, చెప్పిన టైంలోపు జవాబివ్వకపోతే సీటు క్యాన్సిల్ అవుతుంది, అందుకే ఆ రోజుల్లో పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి లాగిన్ అయి చూడండి.