రేంజ్ పాఠాలు – 6: ‘టుప్’ మంటే చెయ్యి ఆగాలి

పోయిన పాఠంలో పిస్టల్ జామ్ అయితే ఏం చేయాలో చూశాం. మ్యాగజైన్ అడుగున అరచేత్తో ఒక్క చరుపు, స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం) వెనక్కి లాగి వదలడం, మళ్లీ గురి. డమ్మీ (పేలని, మందు లేని) తూటాలతో సాధన చేసుంటే ఈపాటికి చేతికి పట్టుబడి ఉంటుంది. ఇవాళ్టి పాఠం ఆ చేతికి కళ్లెం వేయడానికే: తూటా సరిగ్గా పేలక ‘టుప్’ మంటే, అలవాటుగా మళ్లీ కాల్చకుండా ఆగాలి. రీమాన్యుఫ్యాక్చర్డ్ తూటాలు కొనేవాళ్లకి ఇది మరీ అవసరం.

ఇవి ఎక్కడినుంచి వస్తాయంటే, కాల్చేశాక నేలమీద పడే ఇత్తడి డొల్లల్ని ఏరి, కడిగి, ఉబ్బినదాన్ని మళ్లీ కొలతకి నొక్కి, కొత్త ప్రైమర్ (అడుగున ఉండి మందుని అంటించే చిన్న బిళ్ల), కొత్త మందు, కొత్త బుల్లెట్ (తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క) పెడతారు. డొల్ల ఖర్చు కలిసొస్తుంది కాబట్టి పెట్టెకి కొంత తగ్గించి అమ్ముతారు. శ్రద్ధగా చేసేవాళ్లవి బాగానే ఉంటాయి, నేనూ చాలా కాల్చాను. అమెరికాలో ఈ వ్యాపారానికి, తుపాకుల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ ఏటీఎఫ్ ఇచ్చే టైప్ 06 లైసెన్సు కావాలి. లైసెన్సు ఉందని సరుకు బాగున్నట్టు కాదు. తూటాల కొలతలకీ పీడనానికీ ప్రమాణాలు రాసే సామీ 1926లో పుట్టిన పరిశ్రమ సంఘం. దాని మాట పాటించడం స్వచ్ఛందం. వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌కేమో తూటాల మీద అధికారమే లేదు. రైస్ కుక్కర్ల మీద ఉంది, వీటి మీద లేదు. తయారీదారే ముందుకొచ్చి ఫలానా లాట్ (ఒకే విడతలో చేసిన సరుకు) వెనక్కి పంపండి అనాలి. కాబట్టి పప్పుల డబ్బాలో పోసినట్టు తూటాలన్నీ ఒక డబ్బాలో కలిపేసి పెట్టెలు పారేయకండి. లాట్ నంబర్ ఉండేది ఆ పెట్టె మీదే.

ఇక అసలు సంగతి. డాలస్ బయట ఒక రేంజ్‌లో, 9 ఎంఎం పిస్టల్‌తో, చవగ్గా దొరికిన పెట్టె ఒకటి కాలుస్తున్నాను. ఢాం, ఢాం అని పోతున్నది ఉన్నట్టుండి ‘టుప్’ మంది. దీపావళి నాడు తడిసిన టపాకాయ తుస్సుమన్నట్టు. చేతికి తన్ను తగల్లేదు, స్లైడ్ కదల్లేదు. నా చెయ్యి నన్నడక్కుండానే మ్యాగజైన్ చరిచి, స్లైడ్ లాగేసింది. వేలు ట్రిగ్గర్ మీదికి వెళ్తుండగా పక్క లేన్ పెద్దాయన “స్టాప్!” అని అరిచాడు. ఖాళీ చేసి, విప్పి, గొట్టాన్ని వెలుతురుకి పెట్టి చూస్తే అవతలివైపు కనపడలేదు. బుల్లెట్ మధ్యలో ఇరుక్కుపోయి ఉంది.

దీన్నే స్క్విబ్ అంటారు. డొల్లలో మందు పడలేదు, లేదా మరీ తక్కువ పడింది. ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్‌ని గొట్టంలోకి నెట్టి వదిలేసింది. బుల్లెట్ మొదట్లోనే ఆగితే తర్వాతి తూటా లోపల కూర్చోదు, మన అదృష్టం. ఇంకాస్త ముందుకెళ్లి ఆగితే అది శుభ్రంగా కూర్చుంటుంది. 9 ఎంఎంకి సామీ పెట్టిన పీడన పరిమితి 35,000 పీఎస్ఐ. కారు టైరులో కొట్టించే గాలికి సుమారు వెయ్యి రెట్లు. దానికి దారి మూసేస్తే గొట్టం ఉబ్బనైనా ఉబ్బుతుంది, పగలనైనా పగులుతుంది.

దీనికి తిరగేసినది రెండుసార్లు మందు పడటం. పిస్టల్ మందులు చాలావాటికి డొల్ల సగం కూడా నిండదు, రెట్టింపు పడినా పొర్లదు. పైన బుల్లెట్ కూర్చున్నాక కంటికి కనపడదు. తూచి పట్టుకుందామంటే, రకరకాల కంపెనీల డొల్లలు కలిసి ఉంటాయి, వాటి బరువుల్లో తేడాయే మందు తేడాని మింగేస్తుంది. దీన్ని మనం ఇంట్లో పట్టుకోలేం. రక్షణ కళ్లద్దాలు తీయకపోవడమే మన చేతిలో ఉంది.

పట్టుకోగలిగినవి ఇవి. పెట్టెలోంచి పది తూటాలు తీసి గాజుపలక మీద వరసగా నిలబెట్టండి. ఒకటి పొట్టిగా కనిపిస్తే బుల్లెట్ లోపలికి జారిందన్నమాట. లోపల జాగా తగ్గితే పీడనం పెరుగుతుంది, అది పక్కన పెట్టేయండి. ఒకే తూటాని రోజూ తీసి మళ్లీ ఎక్కిస్తున్నా ఇలాగే జారుతుంది. తూటా అడుగున వేలితో రుద్ది చూడండి. ప్రైమర్ ఉబ్బెత్తుగా వేలికి తగలకూడదు. తర్వాత పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసి, గొట్టం విప్పి, ఒక్కొక్క తూటానీ అందులో వదలండి. తన బరువుకే ‘టక్’మని దిగి, తిరగేస్తే జారి పడాలి. వేలితో నొక్కాల్సి వచ్చిందా, వద్దు.

ట్రిగ్గర్ నొక్కితే ‘క్లిక్’ మాత్రమే వినిపిస్తే అది వేరే సంగతి. ఆలస్యంగా పేలే అవకాశం ఉంది, గొట్టం లక్ష్యం వైపే ఉంచి 30 సెకన్లు లెక్కపెట్టి ఆ తర్వాత తీయండి. పోటీల్లో ఎవరూ ఇంతసేపు ఆగరు. మనం పోటీలో లేం.

ఇంటిపని: డమ్మీ తూటాలతో, పక్కన ఒకర్ని కూర్చోబెట్టుకోండి. వాళ్లు ‘క్లిక్’ అంటే లెక్కపెట్టడం, ‘టుప్’ అంటే ట్రిగ్గర్ మీంచి వేలు తీసి, మ్యాగజైన్ దించి, స్లైడ్ తెరిచి, గొట్టం చూడటం. మా అమ్మాయి ‘టుప్’ అనకుండా నన్ను పది నిమిషాలు ఊరించి, టీ తాగబోతుంటే అంది. వచ్చే పాఠంలో ఇరుక్కున్న బుల్లెట్‌ని గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) ఎలా తీస్తాడో చూద్దాం. ఈలోగా ఎవరూ స్క్రూడ్రైవర్ పెట్టి పొడవకండి.