పాత మోటార్‌హోమ్‌కి బోటు తగిలించి లాగడం ఎలా?

ఇంజన్ లాగుతుందా అనే అందరూ అడుగుతారు. ఇరవై ఏళ్ల కిందటి ఫోర్డ్ ఈ-450 వ్యాన్ మీద కట్టిన క్లాస్ సీ మోటార్‌హోమ్ (వ్యాన్ ముందుభాగం వెనక ఇల్లు కట్టిన బండి), అందులోనూ పది సిలిండర్ల వీ10 ఇంజన్ అయితే, పందొమ్మిది అడుగుల బోటు దానికి పెద్ద లెక్క కాదు. డాలస్ నుంచి టెక్సాస్-ఓక్లహోమా సరిహద్దులోని లేక్ టెక్సోమాకి నేను అలాగే లాక్కెళ్తుంటాను. అడగాల్సినవి వేరే రెండున్నాయి. ట్రైలర్ తగిలించే కొక్కెం, అంటే హిచ్, బిగించిన చోటు గట్టిగా ఉందా? ఇంత బరువు సమయానికి ఆగుతుందా? పాత బండి దెబ్బతీసేది ఈ రెండు చోట్లే.

మొదట తూకం

బోటు బ్రోచర్‌లో ఉండేది ఉత్త బోటు బరువు. ఉదాహరణకి అందులో 2,200 పౌండ్లని ఉందనుకోండి. ఔట్‌బోర్డ్ మోటారు 400, ముప్పై గ్యాలన్ల పెట్రోలు 180, బ్యాటరీలు, లంగరు, ఐస్ పెట్టె కలిపి 200, ట్రైలర్ 900. మొత్తం 3,880 అయింది. బండికి, ట్రైలర్‌కి కలిపి కంపెనీ అనుమతించిన గరిష్ఠ బరువును జీసీడబ్ల్యూఆర్ అంటారు. మాన్యువల్‌లో వెతికితే దొరుకుతుంది. అందులోంచి సామాను, మనుషులతో సహా మోటార్‌హోమ్ బరువు తీసేస్తే మిగిలేదే బోటుకి, ట్రైలర్‌కి దక్కే వాటా. హిచ్ మీద, ట్రైలర్ ముక్కు కూర్చునే ఇనప గుండు (బాల్) మీద, దాన్ని పట్టుకునే బాల్ మౌంట్ మీద కూడా బరువు అంకెలుంటాయి. అన్నిటిలోకీ ఏది తక్కువైతే అదే మీ హద్దు.

ఇంట్లో కూర్చుని వేసిన లెక్కను మాత్రం నమ్మకండి. హైవే మీద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ అనే బండ్ల తూకం ఉంటుంది. బోటుతో సహా ఎక్కించండి. ముందు యాక్సిల్ (చక్రాల ఇరుసు), వెనక యాక్సిల్, ట్రైలర్ దేనికది విడిగా చూపిస్తుంది. కిచెన్ ట్యాంకులో నలభై గ్యాలన్ల నీళ్లు నింపితే అదే 330 పౌండ్లు. నీళ్లు క్యాంప్‌సైట్‌లో పట్టుకోవచ్చు కదా!

తర్వాత బండి కింద దూరండి

చాలా క్లాస్ సీ బండ్లలో వెనక యాక్సిల్ దాటాక ఛాసిస్ (బండి అడుగు చట్రం) ఆగిపోతుంది. అక్కడి నుంచి బాడీ కట్టినవాళ్లు రెండు ఇనప పట్టీలు వెల్డింగ్ చేసి పొడిగిస్తారు. హిచ్ బిగించేది ఆ అతుకు ముక్కకే. టార్చ్ వేసి వెల్డింగుల వెంట చూడండి. పెయింట్ మీద సన్నటి గీత, గీత వెంట తుప్పు చార కనిపిస్తే బోటు ఆ రోజుకి ఇంట్లోనే. ముందు మంచి వెల్డర్‌కి చూపించాలి.

ఈ తోక పొడవు ఇంకో తంటా తెస్తుంది. చక్రాల మధ్య దూరం 15 అడుగులు, వెనక యాక్సిల్ నుంచి హిచ్ 9 అడుగులు అనుకోండి. ట్రైలర్ ముక్కు హిచ్ మీద 400 పౌండ్లు మోపితే వెనక యాక్సిల్ మీద పడేది 400 కాదు, 640. ఆ అదనపు 240 ముందు చక్రాల మీంచి లేచిపోతుంది. స్టీరింగ్ తేలికైనట్టు అనిపించేది అందుకే. అలాగని ముక్కు బరువు మరీ తగ్గిస్తే ట్రైలర్ పాములా ఊగుతుంది. ట్రైలర్ మొత్తం బరువులో పదో వంతు దగ్గర ఉంచుకుంటే మేలు.

బ్రేకులు

టెక్సాస్‌లో 4,500 పౌండ్లు దాటిన ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండి తీరాలి. నన్నడిగితే పాత బండికి అంతకన్నా తక్కువ బరువైనా ఉండాలి. బోటు ట్రైలర్లకి ఎక్కువగా సర్జ్ బ్రేకులు వస్తాయి. మీరు బ్రేక్ తొక్కగానే ట్రైలర్ ముందుకు తోసుకొస్తుంది, ఆ తోపుడుకే దాని బ్రేకులు పడతాయి. ట్రైలర్ బ్రేకుల్ని నడిపే కంట్రోలర్ బండిలో అక్కర్లేదు. చిక్కల్లా రివర్స్‌లోనే. ఎత్తు మీదికి వెనక్కి తోస్తే ఆ తోపుడుకీ బ్రేకులు పట్టేస్తాయి. అందుకే కొన్ని ట్రైలర్లకి ఐదో వైరు ఉంటుంది. దాన్ని మీ రివర్స్ లైటుకి కలిపితే రివర్స్ వేసినప్పుడు ట్రైలర్ బ్రేకులు పట్టకుండా ఆపుతుంది. పాత బండిలో నాలుగు పిన్నుల సాకెట్టే ఉంటే ముందది మార్పించండి. ఇటు మోటార్‌హోమ్ బ్రేక్ ఫ్లూయిడ్ టీ డికాషన్ రంగులో ఉంటే మార్చే వేళ దాటిపోయినట్టే.

టైర్లు, బేరింగులు

టైరు అరుగుదల కాదు, వయసు చూడాలి. పక్కన DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగంకెలు 2318 అని ఉంటే, 2018లో 23వ వారంలో తయారైందని. పైకి ఎంత కొత్తగా కనిపించినా తీసేయండి. చాలా ట్రైలర్ టైర్ల వేగం హద్దు గంటకి 65 మైళ్లే.

ట్రైలర్ చక్రాలు తిరగడానికి లోపల ఉండే బేరింగుల సంగతి నాకు చేతులు కాలాకే తెలిసింది. నిజంగానే కాలాయి. మొదటి ఏడాది షెర్మన్ దాటాక గ్యాస్ స్టేషన్‌లో దిగి హబ్ (బేరింగులుండే చక్రం నడిభాగం) మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. క్యాప్ ఊడదీస్తే గ్రీజు పాలు కలిపిన కాఫీలా ఉంది. అమ్మినాయన సర్వీస్ చేయించానన్నాడు మరి! బోటు దించేటప్పుడు వేడి హబ్ చల్లటి నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని, పాత సీల్ సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది. ఏడాదికోసారి గ్రీజు మార్చండి. గ్రీజు పెట్టి సిద్ధం చేసిన హబ్ ఒకటి వెంట ఉంచుకోండి. ఆగిన ప్రతిచోటా చేతి వెనక వైపు హబ్‌కి దగ్గరగా పెట్టి వేడి చూడండి.

తగిలించడం, నడపడం

ట్రైలర్ ముక్కున బాల్ మీద కూర్చునే కప్లర్ మీద రాసిన సైజు బాలే వాడాలి. గొళ్లెం పడ్డాక జాక్‌తో ముక్కును పైకి లేపి చూడండి. బండి తోక కూడా లేస్తే పట్టినట్టే. సేఫ్టీ చైన్లు కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వేయాలి. కప్లర్ ఊడినా వాటి ఒడిలో పడుతుంది. బోటు ముక్కుకి దాన్ని ట్రైలర్ మీదికి లాగే వించ్ పట్టీతోపాటు గొలుసు, వెనక రెండు పట్టీలు. లైట్లు ఇంకొకరు వెనక నిలబడి చూడాలి.

దిగుడు రోడ్డులో ముందే గేరు తగ్గించండి. బ్రేక్ మీద కాలు అలాగే పెట్టి దిగొద్దు. ట్రైలర్ ఊగితే బ్రేక్ గట్టిగా తొక్కకుండా, స్టీరింగ్ తిప్పకుండా యాక్సిలరేటర్ వదిలేయండి.

ర్యాంపు దగ్గర

హబ్‌లు చల్లారేదాకా ఆగండి. లైట్ల ప్లగ్గు పీకేయండి. ఈలోగా నడుచుకుంటూ వెళ్లి బోటును నీళ్లలోకి దించే ర్యాంపు వాలు చూసి రండి. వాలు మొదలయ్యేచోట మోటార్‌హోమ్ తోక నేలకి రాసుకుంటుంది, పాచి మీద వెనక చక్రాలు జారతాయి. అనుమానముంటే పికప్ ఉన్న స్నేహితుణ్ని పిలవడంలో తప్పులేదు. నేను టెక్సోమాలో అదే చేస్తాను. అద్దాల్లో కనపడని ట్రైలర్ వెనక మూలల్లో రెండు తెల్ల పీవీసీ పైపులు నిలబెడితే రివర్స్ టెన్షన్ సగం పోతుంది.

తిరిగొచ్చేటప్పుడు డ్రెయిన్ ప్లగ్ తీసి బోటులోని నీళ్లు మొత్తం వదిలేయాలి. జీబ్రా మస్సెల్స్ అనే చిన్న గుల్లలు ఇంకో చెరువుకి పాకకుండా 2014 నుంచి టెక్సాస్ అంతటా ఇది చట్టం. తీసిన ప్లగ్గును నేను బోటు తాళంచెవికే కట్టేస్తాను. ఒకసారి పెట్టకుండానే నీళ్లలోకి దించాను లెండి.