క్రిటికల్ పాత్ చెప్పాలంటే ముందు కాలేజీ ఫెస్ట్ ప్లాన్ చేయించండి

బీటెక్, ఎంబీఏ పిల్లలకి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ చెప్పేవాళ్ళకి ఒక చిట్కా. నిర్వచనాలూ సాఫ్ట్‌వేరూ ముందు పక్కన పెట్టి వాళ్ళ కాలేజీ ఫెస్ట్‌నే ప్రాజెక్ట్‌గా ఇచ్చేయండి. ఐదుగురికో టీమ్, టీమ్‌కో చీటీల కట్ట. ఒక్కో చీటీ మీద ఒక్కటే పని, ఎన్ని రోజులు పడుతుంది, దానికి ముందు ఏది అయిపోవాలి, అంతే. ఇక్కడ మాత్రం గట్టిగా ఉండండి, "పోస్టర్ పని" అని రాస్తే అస్సలు ఒప్పుకోవద్దు, "ప్రిన్సిపాల్ ఓకే చేసిన పోస్టర్ ప్రెస్‌కి ఇచ్చేశాం" అని రాయించండి, అయిందా లేదా అన్న గొడవలు చాలావరకు అక్కడే తీరిపోతాయి.

తర్వాత చీటీలు గోడకి అంటించి బాణాలు గీయించండి. పర్మిషన్‌కి 5 రోజులు, స్పాన్సర్‌కి 7, ప్రింటింగ్‌కి 3, ప్రచారానికి 6, ఒకదాని తర్వాతే ఇంకోటి కాబట్టి మొత్తం 21. ఫెస్ట్ ఎప్పుడో తేల్చే ఈ అన్నిటికంటే పొడవైన పనుల వరసే క్రిటికల్ పాత్. పర్మిషన్ రాగానే సౌండ్ సిస్టమ్ బుకింగ్ 2 రోజుల్లో అయిపోతుంది కాబట్టి దానికి 14 రోజుల వెసులుబాటు, అదే ఫ్లోట్. ఇప్పుడు స్పాన్సర్ చీటీ మీద 7 కొట్టేసి 10 రాసి, ఫెస్ట్ ఎప్పుడని అడగండి. వాళ్ళే 24 అంటారు. సౌండ్ సిస్టమ్ 3 రోజులు లేటైతే? ఏమీ కాదు.

1950ల చివర్లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఈ పద్ధతి తయారుచేయించుకుందనీ, దాదాపు అప్పుడే అక్కడి నేవీ పొలారిస్ క్షిపణుల కోసం పెర్ట్ అనే ఇలాంటి ప్లానింగ్ పద్ధతే తెచ్చిందనీ ఆఖర్లో చెప్పండి, ముందే చెబితే బట్టీ కొట్టేస్తారు. ఎక్సెల్, పనుల్ని తేదీల వారీగా అడ్డపట్టీల్లో చూపించే గాంట్ చార్ట్ తర్వాతి క్లాసులో చూసుకోవచ్చు.