ఉపాధి పోయినప్పుడు ఇంటి రుణం వాయిదా తగ్గించమని బ్యాంకును అడగడం ఎలా?

ఆ మధ్య విజయనగరంలో ఒక బ్యాంకు శాఖలో ఒక మహిళను చూశాను. ఆమె భర్త పైడిభీమవరంలో కాంట్రాక్టు పని చేసేవారు, ఆ పని పోయింది. తెల్ల కాగితం మీద కష్టమంతా రాసి తెచ్చిన అర్జీని మేనేజరు చదివి వెనక్కి ఇచ్చేశారు. బయట మెట్ల దగ్గర ఒకాయన ఇరవై వేలు ఇస్తే పని చేయిస్తానని ఆమెతో బేరం పెట్టాడు. కాగితం అడిగి చూశాను. తేదీ లేదు, రుణ ఖాతా సంఖ్య లేదు, ఇకపై నెలకు ఎంత కట్టగలరో లేదు. ఈ మూడూ రాయడానికి ఎవరికీ రూపాయి ఇవ్వనక్కర్లేదు.

పంట రుణాల వాళ్లు రీషెడ్యూలు అంటారే, ఇదీ అలాంటిదే. మాఫీ కాదు. గడువు పెంచి వాయిదా తగ్గిస్తారు, లేదా కొన్ని నెలలు వడ్డీ మాత్రమే కట్టించుకుంటారు. ఆదాయం తెచ్చే మనిషి చనిపోయి ఉంటే మాత్రం ముందు రుణానికి బీమా ఉందేమో చూడండి. చాలామందికి ఉన్న సంగతే తెలియదు.

అర్జీని రుణం ఉన్న శాఖ మేనేజరు పేరిట రాయాలి. ఆధార్, పాన్ నకళ్లు, ఆరు నెలల ఖాతా వివరాలు జతచేయాలి. సహ రుణగ్రహీతలందరూ సంతకం చేయాలి.

చిక్కంతా ఆదాయం పోయిందని చూపడంలో ఉంది. కాంట్రాక్టరు లేఖ ఇవ్వడు. అప్పుడు జీతం జమ ఆగిపోయినట్టు కనిపించే బ్యాంకు ఖాతా పుటలు, పీఎఫ్ పాస్‌బుక్ పెట్టండి. పీఎఫ్‌లో పని మానేసిన తేదీని సభ్యుడే నమోదు చేసుకోవచ్చు, కానీ చివరి జమ తర్వాత రెండు నెలలు ఆగాలి. ఆ రెండు నెలలూ అర్జీని ఆపకండి. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం వాళ్లయితే పాస్‌పోర్టులో వీసా, ముద్రలు ఉన్న పుటలు పెట్టవచ్చు.

అంతకంటే ముఖ్యం, మిగిలిన ఆదాయం. బ్యాంకుకు కావలసింది కష్టం ఒక్కటే కాదు, తీర్చే దారి కూడా. 15 లక్షల బాకీ, 9 శాతం వడ్డీ, 15 ఏళ్ల గడువు అనుకుందాం. వాయిదా సుమారు 15,200. గడువును 25 ఏళ్లు చేస్తే సుమారు 12,600. నెల వడ్డీయే 11,250 కాబట్టి 8,000 కడతామంటే ఎంత గడువు పెంచినా అసలు తీరదు. భార్య కుట్టు పని, అద్దె, పాల డబ్బు, ఏది ఉన్నా లెక్క రాసి, కట్టగల మొత్తాన్ని అంకెల్లో చెప్పండి. గడువు పెరిగితే ఈ లెక్కలో మొత్తం మీద పది లక్షలకు పైగా ఎక్కువ కడతారనీ, మీ రుణ చరిత్ర చూపే సిబిల్ నివేదికలో ఈ మార్పు కనిపించవచ్చనీ తెలిసే అడగండి.

వాయిదా తప్పి 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది. ఆపైన 60 రోజుల గడువుతో, తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునే వీలిచ్చే సర్ఫేసీ చట్టం కింద నోటీసు రావచ్చు. దాన్ని చూసి భయపడి దాచేయకండి. అభ్యంతరాలు రాసి పంపితే బ్యాంకు 15 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇంటిని స్వాధీనం చేసుకునే చర్య మొదలైతే 45 రోజుల్లోగా విశాఖపట్నంలోని రుణ వసూళ్ల ట్రిబ్యునల్‌కు వెళ్లాలి. అందుకే మొదటి వాయిదా తప్పకముందే అర్జీ పెట్టడం మేలు.

అర్జీ రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద తేదీతో ముద్ర వేయించుకోండి. వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. ఒప్పుకోవాలా వద్దా అన్నది బ్యాంకు నిర్ణయం, అందులో బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్ కలగజేసుకోరు. అసలు జవాబే రాకపోతే ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో దానికీ స్పందన లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. సహాయానికి ఫోను నంబరు 14448.

మధ్యవర్తికి సంతకం చేసిన ఖాళీ చెక్కు గానీ, ఫోనుకు వచ్చిన ఓటీపీ గానీ ఇవ్వవద్దు. చట్టపరమైన సాయం కావాలంటే శ్రీకాకుళం, విజయనగరం రెండు చోట్లా జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. ఫోను నంబరు 15100.