ఒకరు అప్‌లోడ్ పెడితే అందరి వై-ఫై ఎందుకు పడకేస్తుంది?

"నెట్ స్లో" అనగానే చాలామంది ప్లాన్ పెంచుతారు, లేదా తలా 5 ఎంబీపీఎస్ అని గీత గీస్తారు. రెండోది మరీ దండగ. లైన్ ఖాళీగా ఉన్నప్పుడు కూడా ఎవరూ దాన్ని పూర్తిగా వాడుకోలేరు. ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: రద్దీ ఇంటికొచ్చే ఇంటర్నెట్ లైన్‌లో ఉందా, గాలిలో (వై-ఫైలో) ఉందా?

వై-ఫైలో ఉన్న ల్యాప్‌టాప్‌ నుంచి రెండు విండోల్లో పింగ్ (చిన్న సందేశం వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో చూపే పరీక్ష) పెట్టండి. ఒకటి రూటర్‌కి (ఎక్కువగా 192.168.1.1), మరొకటి బయట ఉన్న గూగుల్ సర్వర్ 8.8.8.8కి. ఈలోగా కేబుల్‌తో కలిపిన మరో కంప్యూటర్ నుంచి పెద్ద ఫైల్ అప్‌లోడ్ చేయండి. రూటర్ పింగ్ పది మిల్లీసెకన్ల లోపే నిలకడగా ఉండి, బయటి పింగ్ 20 నుంచి 300కి ఎగబాకితే రద్దీ లైన్‌లో ఉన్నట్టు. రూటర్ పింగే ఎగిరెగిరి పడుతుంటే గాలిలో.

అప్‌లోడ్ మొదలవగానే కాల్స్‌లో మాట తెగుతోంది

లైన్ మోయగలిగిన దానికన్నా ఎక్కువ ప్యాకెట్లు (డేటా ముక్కలు) వస్తే మోడెమ్ వాటిని పారేయకుండా బఫర్‌లో, అంటే తాత్కాలిక నిల్వలో, పోగేస్తుంది. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ లైన్ ముందు ఒక మెగాబైట్ పేరుకుంటే, దాని వెనక నిలబడ్డ కాల్ ప్యాకెట్ 0.8 సెకను ఆగాలి. వాయిస్ కాల్‌కి 100 కేబీపీఎస్ చాలు. కావలసింది వేగం కాదు, వేళకి చేరడం.

రూటర్‌లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రూటర్లకి ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్) ఉంటే, ప్యాకెట్ల వరుసని అదుపు చేసే ఎస్‌క్యూఎం ప్యాకేజీ వేసి, వాన్ (ఇంటర్నెట్ వైపు) ఇంటర్‌ఫేస్ మీద కేక్ అనే పద్ధతిని ఎంచుకోండి. రద్దీ వేళలో కేబుల్ మీద మూడుసార్లు స్పీడ్ కొలిచి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన అంకెలో 85–90 శాతాన్ని అందులో స్పీడ్ పరిమితిగా నింపండి. అప్‌లోడ్‌కీ డౌన్‌లోడ్‌కీ విడివిడిగా. పూర్తి వేగం నింపితే వరుస మళ్లీ మోడెమ్‌లోకే వెళ్లిపోతుంది, పడ్డ శ్రమంతా వృథా. తర్వాత కూడా బయటి పింగ్ 100 దాటుతుంటే ఐదేసి శాతం తగ్గిస్తూ చూడండి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. హార్డ్‌వేర్ ఫ్లో ఆఫ్‌లోడింగ్ (ప్రాసెసర్‌ని తప్పించి ప్యాకెట్లని నేరుగా దాటించే సదుపాయం) ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు ఎస్‌క్యూఎంని తాకకుండానే వెళ్లిపోతాయి. దాన్ని ఆపాలి. ఆపాక స్పీడ్ బాగా పడిపోతే రూటర్ ప్రాసెసర్ ఆ భారం మోయలేకపోతోందన్నమాట.

కాల్స్ కుదుటపడ్డా టొరెంట్ పెట్టిన మనిషికే సింహభాగం దక్కుతోందా? పంపకం కనెక్షన్ల లెక్కన జరుగుతోంది, నలభై కనెక్షన్లు తెరిచినవాడికి నలభై వాటాలు. కేక్‌లో పరికరాల వారీ పంపకాన్ని ఎంచుకుని, ఏ ప్యాకెట్ ఏ పరికరానిదో గుర్తించే నాట్ (nat) ఆప్షన్ కూడా చేర్చండి. అది లేకపోతే ఇంట్లోని పరికరాలన్నీ కేక్‌కి ఒకే చిరునామాగా కనిపిస్తాయి.

దూరపు గదిలో పాత ఫోన్ కలిస్తే అందరికీ నెమ్మదిస్తోంది

వై-ఫై పంచేది సమయాన్ని కాదు, వంతుల్ని. 1500 బైట్ల ప్యాకెట్‌ని 300 ఎంబీపీఎస్ పరికరం 40 మైక్రోసెకన్లలో పంపేస్తుంది. 6 ఎంబీపీఎస్ దగ్గర ఈడుస్తున్న ఫోన్‌కి అదే ప్యాకెట్ 2000 మైక్రోసెకన్లు పడుతుంది. ఇద్దరికీ చెరో వంతు ఇస్తే గాలి దాదాపు అంతా ఆ ఫోన్‌ది.

రూటర్‌లో ఎయిర్‌టైమ్ ఫెయిర్‌నెస్ (వంతుల్ని కాక సమయాన్ని సమంగా పంచే సెట్టింగ్) ఉంటే ఆన్ చేయండి. అయితే అది ప్రధానంగా రూటర్ పంపే ప్యాకెట్లనే అదుపు చేస్తుంది, ఫోన్ చేసే అప్‌లోడ్‌ని పెద్దగా ఆపలేదు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 1, 2, 5.5, 11 ఎంబీపీఎస్ రేట్లు తీసేస్తే బీకన్లు (రూటర్ తన ఉనికిని చాటే సంకేతాలు) కూడా వేగంగా వెళ్తాయి, కాకపోతే 802.11బి అనే పాత వై-ఫై కాలం నాటి పరికరాలు ఇక కలవవు. అసలు మందు ఆ గదికి కేబుల్ లాగి మరో యాక్సెస్ పాయింట్ (వై-ఫై ఇచ్చే పెట్టె) పెట్టడమే. రిపీటర్ వద్దు. సాధారణంగా ఒక్కో ప్యాకెట్‌నీ అదే ఛానల్‌లో రెండుసార్లు పంపేది దానికి ఉపాయం ఎలా అవుతుంది?

కొత్త రూటరైనా 54 ఎంబీపీఎస్ దాటడం లేదు

ఎవరో డబ్ల్యూఎంఎం (కాల్స్, వీడియోలకి ముందు వంతు ఇచ్చే వై-ఫై సెట్టింగ్) ఆపేసి ఉండొచ్చు. 802.11ఎన్ అనే వై-ఫై ప్రమాణపు వేగాలకి అది తప్పనిసరి, ఆన్ చేయండి. ఎన్‌క్రిప్షన్ (వై-ఫై రక్షణ) టీకేఐపీ అనే పాత పద్ధతిలో ఉన్నా ఇదే లక్షణం, డబ్ల్యూపీఏ2-ఏఈఎస్‌కి మార్చండి.

సాయంత్రాలే రూటర్ పింగ్ ఎగురుతోంది

కారణం పక్కవాళ్ల రూటర్లు. 2.4 గిగాహెర్ట్జ్‌లో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు మానేసి 20కి దిగండి, ఛానల్ 1, 6, 11లో ఒకటి తీసుకోండి. మధ్యలో 3 ఖాళీగా ఉందని ఎంచుకుంటే 1తోనూ 6తోనూ గొడవే. 5 గిగాహెర్ట్జ్ అందుకోగల పరికరాలన్నిటినీ అటు మళ్లించండి.