అంబాసిడర్‌కి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్: కిట్ బిగించే ముందు, బిగించాక

మా నాన్నగారి అంబాసిడర్ 1984 నాటి మార్క్ 4. పెట్రోలు ఇంజను, 1489 సీసీ. బండితోపాటు డ్యాష్‌బోర్డు అరలో ఉన్నవన్నీ నాకు వారసత్వంగా వచ్చాయి: సందు కొలిచే ఒక ఫీలర్ గేజి, రెండు పాయింట్ల సెట్లు, ఒక కండెన్సరు, మడతపెట్టిన గరుకు కాగితం. అవి ఎందుకున్నాయో మొదటి వానాకాలంలోనే తెలిసొచ్చింది. తణుకు నుంచి రావులపాలెం వెళ్లేలోపు రెండుసార్లు బానెట్ ఎత్తాను.

పాయింట్లంటే కాయిల్‌కి వెళ్లే కరెంటును తెంచి ప్లగ్‌లకి స్పార్క్ పుట్టించే చిన్న స్విచ్చు. వాటితో ఉన్న చిక్కు చిన్నదే, కానీ తీరేది కాదు. పాయింటుకి ఉండే ఫైబరు మడమ కామ్ మీద రాసుకుంటూ అరుగుతుంది. 0.015 అంగుళం పెట్టిన గ్యాపు మెల్లగా తగ్గుతుంది. గ్యాపు తగ్గితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి, టైమింగు రిటార్డ్ అవుతుంది, అంటే స్పార్క్ పడాల్సిన క్షణం వెనకబడుతుంది. బండి బరువుగా లాగుతోందని మనం కార్బురేటర్‌ని తిడతాం. పైగా పాయింట్ల ముఖం మీద ఒక పక్క గుంట, ఒక పక్క బొడిపె. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాణ్ణి కదా, అరిగే స్విచ్చు తీసేసి అరగనిది పెడదామనుకున్నాను. కామ్ మీద తొడిగే అయస్కాంతాల ఉంగరం, బేస్ ప్లేటు మీద కూర్చునే చిన్న మాడ్యూలు, రెండు వైర్లు. కిట్ అంటే అంతే.

మా మేస్త్రి ఒకే మాట అన్నాడు. "మాస్టారూ, కిట్ తరవాత. ముందు ఆ డిస్ట్రిబ్యూటర్‌ని బల్ల మీద పెట్టండి."

డిస్ట్రిబ్యూటర్ అంటే స్పార్క్‌ని నాలుగు ప్లగ్‌లకీ వంతులవారీగా పంచేది, పాయింట్లు ఉండేది దానిలోపలే. మేస్త్రి మాట వినకుండా కిట్ బిగించేవాళ్లే ఎక్కువ. కిట్ మార్చేది పాయింట్లనీ కండెన్సర్నీ మాత్రమే. షాఫ్టు, వెయిట్లు, వాక్యూమ్, క్యాపు, వైర్లు అన్నీ పాతవే. కాబట్టి క్యాపు తీసి, షాఫ్టు పైన తిరిగే ముక్కని, అంటే రోటరుని, పట్టుకుని పక్కలకి ఊపి చూడండి. వేలికి కదలిక గట్టిగా తెలిస్తే బుష్‌లు పోయినట్టు. పాయింట్లతో పోలిస్తే అయస్కాంతం ఈ ఊగులాటను కొంత ఓర్చుకుంటుంది, కానీ ఉంగరం మాడ్యూలుకి తగిలేంత ఉంటే లేత్ షాపులో బుష్‌లు వేయించాల్సిందే.

తరవాత రోటరును తిరిగే దిశలోనే, అంటే పైనుంచి చూస్తే గడియారం ముల్లుకి ఎదురుగా, మెలితిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. నాది రాలేదు. బేస్ ప్లేటు విప్పి చూస్తే కింద వెయిట్లు ఎండిపోయిన గ్రీజులో కూరుకుపోయి ఉన్నాయి, కాకరకాయ వేపుడు అడుగంటిన మూకుడులా. స్పీడు పెరిగినప్పుడు స్పార్క్‌ని ముందుకు జరపాల్సినవి అవే. కిరసనాయిలుతో కడిగి, స్ప్రింగులు సాగకుండా జాగ్రత్తగా తగిలించి, పలుచని నూనె రెండేసి చుక్కలు వేశాను. నిజం చెప్పాలంటే బండిలో నాకు తెలిసిన మార్పులో సగం ఆ పూటే వచ్చింది, కిట్ ఇంకా డబ్బాలోనే ఉంది.

ఇంజను పీల్పుకి స్పార్క్‌ని ముందుకు జరిపేది వాక్యూమ్ అడ్వాన్స్. దాని గొట్టాన్ని నోటితో పీల్చి, నాలుకతో మూసి పట్టండి. ప్లేటు జరిగి అక్కడే నిలవాలి. వెంటనే వెనక్కి జారితే లోపల డయాఫ్రమ్ చిరిగింది.

ఇక బిగింపు. బ్యాటరీ వైరు ఊడదీయక ముందే ఏ వైరు ఎర్త్ అయిందో చూడండి. పాత డైనమో బండ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండే అవకాశం ఉంది. మామూలు కిట్లు నెగెటివ్ ఎర్త్‌కి తయారైనవి. తర్వాత ఒకటో సిలిండర్‌ని కంప్రెషన్ పైకి తెచ్చుకోవాలి. ప్లగ్ తీసి, కన్నం మీద బొటనవేలు పెట్టి, ఇంకొకరి చేత హ్యాండిల్ తిప్పించండి. వేలిని గాలి నెట్టేస్తుంది. అప్పుడు క్రాంక్ పుల్లీ గాటును టైమింగ్ కవరు మీది ముల్లుకి ఎదురుగా ఆపండి. క్యాపు లేకుండా రోటరు ఎటు చూస్తోందో ఫోనులో ఫొటో తీసుకోండి. డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ ఇంజను బ్లాకుకీ కలిపి ఒక గీత గీయండి. ఫైరింగ్ ఆర్డరు, అంటే ప్లగ్‌లకి స్పార్క్ అందే వరస, 1-3-4-2, క్యాపు మీద రోటరు తిరిగే దిశలోనే.

పాయింట్లు, కండెన్సరు తీసేయండి, పారేయకండి. మాడ్యూలు బిగించి, ఉంగరాన్ని కామ్ మీదకి నిండా నొక్కండి. రెంటి మధ్య సందు కిట్ కాగితంలో ఎంత ఉంటే అంత. ఉంగరం తొడిగాక రోటరు పూర్తిగా కిందికి దిగిందా లేదా అన్నది చాలామంది చూడరు. అది ఎత్తుగా కూర్చుంటే క్యాపు మధ్యలో ఉండే కార్బన్ పుల్లను నలిపేస్తుంది.

బేస్ ప్లేటు నుంచి డిస్ట్రిబ్యూటర్ ఒంటికి వెళ్లే చిన్న జడ వైరు ఉంటుంది. వాక్యూమ్‌కి ప్లేటు కదిలినప్పుడల్లా అదీ కదులుతుంది, ఏదో ఒకరోజు లోపల తెగుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది. మాడ్యూలుకి ఎర్త్ అదే. మల్టీమీటరు ఒక ముల్లు ప్లేటు మీద, ఇంకో ముల్లు బ్యాటరీ నెగెటివ్ మీద పెట్టండి. దాదాపు సున్నా ఓములు రావాలి. ప్లేటును అటూ ఇటూ జరుపుతూ చూడండి, అప్పుడూ సున్నాయే ఉండాలి.

నా కిట్‌లో ఎర్ర వైరు కాయిల్ పాజిటివ్‌కి, నల్ల వైరు కాయిల్ నెగెటివ్‌కి. తారుమారైతే మాడ్యూలు అక్కడికక్కడే పోతుంది. కాయిల్‌కి ముందు కరెంటు తగ్గించే బ్యాలస్ట్ రెసిస్టెన్స్ ఉంటే ఎర్ర వైరును దానికి ముందే కలపాలి, దానికి పూర్తి 12 వోల్టులు అందాలి. కాయిల్ ప్రైమరీ, అంటే దాని పాజిటివ్, నెగెటివ్‌ల మధ్య రెసిస్టెన్స్, కొలిచి చూసుకోండి. నాది 3 ఓములు. ప్లగ్ వైర్లు రాగి తీగవైతే మార్చేయండి, రేడియో రొదని అణిచే సప్రెషన్ ఉన్నవి వేయండి. రాగి తీగ వెదజల్లే రేడియో రొదకి మాడ్యూలు తికమక పడుతుంది.

ఇప్పుడు నా తెలివితక్కువ పని ఒకటి. కిట్ పెట్టిన పదో రోజున ఇంజను ఆపి, ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచి, చెట్టు కింద క్రికెట్ కామెంటరీ విన్నాను. 12 వోల్టులు, 3 ఓములు: 4 ఆంపియర్లు, 48 వాట్లు. అంటే ఒక సోల్డరింగ్ ఐరన్ అంత వేడి, కాయిల్లో. లెక్క నాకు రానిది కాదు, చేయాలని తోచలేదంతే. కాయిలు కాలింది, మాడ్యూలూ పోయింది. మేస్త్రి ఏమీ అనలేదు, రేడియోకి విడిగా ఒక వైరు లాగి ఇచ్చాడు.

టైమింగు మళ్లీ పెట్టుకోవడం తప్పదు. పాయింట్లు తెరుచుకునే చోటూ, అయస్కాంతం మాడ్యూలు ముందు నుంచి వెళ్లే చోటూ ఒకటి కాదు. పుల్లీ గాటులో చాక్‌పీస్ రుద్దండి, నా జేబులో ఎప్పుడూ ఒకటుంటుంది. వాక్యూమ్ గొట్టం ఊడదీసి మూయండి. స్పార్క్ పడ్డప్పుడల్లా వెలిగే స్ట్రోబ్ లైటు క్లిప్పు ఒకటో ప్లగ్ వైరుకి పెట్టి, ఐడిల్‌లో మాన్యువల్ చెప్పిన డిగ్రీకి తెచ్చుకోండి. అడ్వాన్స్ కావాలంటే ఒంటిని గడియారం దిశలో తిప్పాలి, రోటరు దానికి ఎదురు తిరుగుతుంది కాబట్టి. ఒంటిని ఒక డిగ్రీ తిప్పితే క్రాంక్ దగ్గర రెండు డిగ్రీలు. అందుకని గోటి మందమే కదపండి. చొక్కా చేతులు మడుచుకోండి, ఫ్యాను పక్కనే ఉంటుంది.

ఆ తరవాత రోడ్డే చెప్పాలి. టాప్ గేరులో నలభై మీద ఫ్లైఓవర్ ఎక్కుతూ ఆక్సిలేటర్ నొక్కండి. కంచు గిన్నెలో గులకరాళ్లు దొర్లినట్టు శబ్దం వస్తే అడ్వాన్స్ ఎక్కువైంది, కొంచెం వెనక్కి. ఏ శబ్దమూ లేకుండా మందంగా ఎక్కితే కొంచెం ముందుకి.

సంరక్షణ పెద్దగా లేదు, కానీ లేకపోలేదు. నేను ఐదువేల కిలోమీటర్లకోసారి క్యాపు లోపల పొడిగుడ్డతో తుడుస్తాను. పెన్సిలు గీతలా సన్నటి నల్ల చార కనిపిస్తే అది పగులు, కరెంటు దారి మళ్లుతోంది. తుడిస్తే పోదు, క్యాపు మార్చడమే. రోటరు పైకి లాగితే లోపల స్క్రూ ఉంటుంది. విప్పక్కర్లేదు, దాని మీద రెండు చుక్కల నూనె, బేస్ ప్లేటు సందులోంచి వెయిట్లకి రెండు చుక్కలు. ఎక్కువ పోస్తే క్యాపంతా జిడ్డే. వానాకాలానికి ముందు ఒక రాత్రి, లైట్లన్నీ ఆర్పి, బండి స్టార్ట్ చేసి బానెట్ ఎత్తి చూడండి. ప్లగ్ వైర్ల మీద నీలం మెరుపులు పాకుతుంటే ఏ వైరు పోయిందో అదే చూపిస్తుంది. వేలు మాత్రం పెట్టకండి.

మాడ్యూలు పోయేటప్పుడు చెప్పి పోదు. పాయింట్లు నసుగుతాయి, ఇది ఒక్కసారిగా మూగబోతుంది. అందుకే నాన్నగారి సామాను ఇంకా ఆ అరలోనే ఉంది, పాయింట్లు, కండెన్సరు, గేజీతో సహా. రోడ్డు పక్కన పాయింట్లు తిరిగి వేయడానికి నాకు ఇరవై నిమిషాలు పడుతుంది. అప్పుడు టైమింగు కోసం వెతుక్కోకుండా, డిస్ట్రిబ్యూటర్ ఒంటి మీద రెండు గీతలు గీసి పెట్టుకున్నాను. ఒకదాని పక్కన "పా", ఇంకోదాని పక్కన "ఎ".