బిందె మీద పేరు ఎవరిది? ఇంట్లో దాగిన నిజాన్ని వెతికే పద్ధతి

గుంటూరులో మా ఇంటి అటక మీద ఒక ఇత్తడి బిందె ఉండేది. అడుగున సొట్ట, మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా చెక్కిన అక్షరాలు: మా ఇంటిపేరు పొడి అక్షరం, తర్వాత ఒక ఆడపేరు, ఆ పక్కన 1951. ఆ పేరు గలవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరు. నాయనమ్మని అడిగితే "పాత సామాన్ల కొట్లో కొన్నాంలేరా" అనేది. ముప్ఫై అయిదేళ్ళు వచ్చేదాకా నేను ఆ మాటే నమ్మాను. పాత సామాన్ల కొట్లో కొన్న బిందె మీద మా ఇంటిపేరు ఎందుకుంటుంది అన్న ప్రశ్న ఒకరోజు అటక దులుపుతుంటే తట్టింది, ఇక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇలాంటిది చాలా ఇళ్ళల్లో ఉంటుంది. బిందె కాకపోతే ఒక మనిషిని కత్తిరించేసిన ఫొటో, లేదా ఎవరూ పేరెత్తని ఒక బాబాయి, లేదా మనదే కావాల్సి ఉండి ఎందుకో మనది కాకుండా పోయిన ఎకరం. దాని వెనకున్న సంగతి తెలుసుకోవాలనుకునేవాళ్ళ కోసం, నేను రెండేళ్ళు తిరిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక మాట. నాకు ఈ వెతుకులాట నేర్పింది అద్దె పుస్తకాలు. మా చిన్నప్పుడు వీధి చివర షాపులో రోజుకి పావలాకో అర్ధరూపాయికో డిటెక్టివ్ నవలలు ఇచ్చేవాళ్ళు, ఎక్కువ భాగం బెజవాడలో అచ్చయినవే. చేతులు మారీ మారీ చివరి ఫారం, అంటే చివరి పేజీల కట్ట, ఊడిపోయి వచ్చేవి, అంటే హంతకుడెవరో ఉన్న పేజీలే ఉండేవి కావు. నేనూ మా బాబాయి కూతురూ ఏం చేసేవాళ్ళమంటే మళ్ళీ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, ఎవరు ఎక్కడున్నారో నోటుబుక్కులో రాసుకుంటూ చదివేవాళ్ళం. అలా చదివితే తెలిసింది ఏమిటంటే, అసలు ఆచూకీ పోలీసు అడిగిన ప్రశ్నకి చెప్పిన జవాబులో దొరికేది కాదు, వంటమనిషి పాలు పొంగిన టైము గురించి మామూలుగా అన్న ఒక ముక్కలో దొరికేది. దాచాలనుకున్నవాళ్ళు దాచాల్సిన చోటే జాగ్రత్తపడతారు, పక్కన వేరే పని మీద అన్న మాటని, రాసిన కాగితాన్ని పట్టించుకోరు. ఇంట్లో వెతికేటప్పుడు కూడా ఇదే పద్ధతి.

భారతంలో కర్ణుడి సంగతి ఎలా బయటపడిందో గుర్తుచేసుకోండి. కుంతి ఆ రహస్యాన్ని పాండవుల దగ్గర ఏళ్ళ తరబడి కడుపులో పెట్టుకుంది, యుద్ధం జరుగుతుంటే కూడా చెప్పలేదు. అంతా అయిపోయి గంగ ఒడ్డున పోయినవాళ్ళకి నీళ్ళు వదులుతున్నప్పుడు, కర్ణుడికి కూడా వదలండి, అతను మీ అన్న అని చెప్పింది. ఎందుకంటే తర్పణానికి ఫలానా వాడు అని పేరు పెట్టి చెప్పాలి, అక్కడ ఊరికే దాటవేయడం కుదరదు. దానికి ధర్మరాజు ఆడవాళ్ళకి రహస్యం దాగకూడదని శపించాడనీ, ఆడవాళ్ళ నోట్లో నువ్వుగింజ నానదన్న సామెత అక్కడి నుంచే వచ్చిందనీ అంటారు. నాకైతే ఆ సామెత అంటే చాలా కోపం. అంత బరువు అన్నేళ్ళు మోసిన మనిషిని చూసి పుట్టాల్సిన సామెత కాదది. సరే, మన పనికొచ్చే సంగతి ఏమిటంటే, పేరూ వరసా తప్పనిసరిగా చెప్పాల్సిన చోట్లు కొన్ని ఉంటాయి. శుభలేఖ, దస్తావేజు, తర్పణం, బడి రిజిస్టరు. వెతుకులాట వాటితో మొదలుపెట్టండి.

నేను శుభలేఖతో మొదలుపెట్టాను. నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగున, పసుపు అంటి మడతల దగ్గర చిరిగిపోయిన ఆమె పెళ్ళి శుభలేఖ దొరికింది. శ్రీ జయ నామ సంవత్సర వైశాఖ మాసం అని ఉంది. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి కదా, జయ అంటే 2014 గానీ 1954 గానీ, కాబట్టి ఇది 1954. (ఈ లెక్క మీకూ పనికొస్తుంది: 1987 ఉగాదికి ప్రభవ మొదలైంది, అక్కడి నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి, పాతదైతే అరవై తీసేయండి.) తేదీ చూసి పక్కన పెట్టబోతుంటే ఒక మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. "మా ద్వితీయ పుత్రిక" అని ఉంది. నాయనమ్మ ఎప్పుడూ "నేనే పెద్దదాన్ని, నా వెనక ముగ్గురు తమ్ముళ్ళు" అని చెప్పేది. మరి మొదటి పుత్రిక ఎవరు? శుభలేఖలో ఆ మాట వేయించిన ముత్తాతకి ఏదీ బయటపెట్టాలన్న ఉద్దేశం లేదు, అందరూ వేయించే మాటే వేయించాడు. అందుకే దాన్ని నమ్మొచ్చు.

ఇక దస్తావేజులు. వీటి మీద కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే జనం వీటిని ఆస్తి కోసం మాత్రమే చూస్తారు, మనుషుల కోసం చూడరు. ఒక పాత దస్తావేజు చేతికొస్తే ముందు స్టాంపు పేపరు వెనక చూడండి, స్టాంపు ఎవరు కొన్నారో, ఏ తేదీన కొన్నారో అక్కడ రాసి ఉంటుంది. దస్తావేజు తేదీ కంటే స్టాంపు కొన్న తేదీ తర్వాతదైతే ఆ కాగితంతో జాగ్రత్త. తర్వాత ధర చూడండి, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి కాబట్టి అంతకు ముందువి రూపాయలు అణాల్లో ఉంటాయి, 1952 నాటిదని చెప్పే కాగితంలో నయాపైసలు కనిపిస్తే అది తర్వాత పుట్టించినదే. అన్నిటికంటే ముఖ్యం హద్దులు. తూర్పు ఫలానా వారి పొలం, దక్షిణం ఫలానా వారి దొడ్డి అని రాస్తారు చూడండి, మన ఇంట్లో ఎవరూ పేరెత్తని మనిషి పక్కవాళ్ళ దస్తావేజులో హద్దుగా బతికే ఉంటాడు. సాక్షుల సంతకాలు కూడా చదవండి, ఆ సంవత్సరంలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో దాన్నిబట్టి తెలుస్తుంది. మన వైపు ఆడపిల్లకి పసుపు కుంకుమ కింద పొలం రాసిస్తారు కదా, ఆ కాగితాల్లో ఎన్నో కుమార్తె, ఎవరి భార్య అన్నది స్పష్టంగా ఉంటుంది.

కాగితం ఇంట్లో లేకపోతే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి. ఆన్‌లైన్లో ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందుదైతే ఆఫీసులోనే పాత రికార్డు వెతికించుకోవాలి. అక్కడ పేర్లవారీగా ఒక ఇండెక్సు, ఆస్తులవారీగా ఒక ఇండెక్సు ఉంటాయి. స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే ఒకటో పుస్తకాన్ని ఫీజు కట్టి ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. వీలునామాలు మూడో పుస్తకంలో ఉంటాయి, రాసిన మనిషి బతికున్నంత కాలం బయటివాళ్ళకి ఇవ్వరు, పోయాక దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళకి నకలు ఇస్తారు. ఊరు పేరుతో పాటు ఆ కాలానికి ఏ జిల్లాయో కూడా చూసుకోండి. గుంటూరు జిల్లా పుట్టిందే 1904లో, ఒంగోలు వైపు 1970లో విడిపోయింది, 2022లో పల్నాడు, బాపట్ల వేరయ్యాయి. ముత్తాతల కాగితం మీద కృష్ణా జిల్లా అని ఉంటే కంగారుపడకండి.

నాకు దొరికింది 1951 నాటి నకలు. ముత్తాత అర ఎకరం "నా జ్యేష్ఠ కుమార్తె" అంటూ పసుపు కుంకుమ కింద రాసిచ్చాడు. ఆమె భర్త పేరు దగ్గర మా తాతయ్య పేరు ఉంది. ఆమె పేరు బిందె మీది పేరు.

బడి రికార్డు గురించి చిన్న హెచ్చరిక. పాతకాలంలో బడిలో వేసేటప్పుడు మాస్టారు వయసుకి సరిపడా జూన్ లేదా జూలై తేదీ ఏదో వేసేసేవాళ్ళు, మా నాన్నగారికి కూడా జూలై 1 అనే ఉంది. దాన్ని పట్టుకుని ఎవరి పుట్టుకనీ అనుమానించకండి.

అన్నీ చూశాక కూడా పేరు దొరక్కపోతే పాత పత్రికలు ఒక దారి. వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టిన లైబ్రరీ, పాత పత్రికలు అక్కడ చాలా జాగ్రత్తగా దాచారు. బెజవాడ నుంచి చెన్నై వైపు వెళ్ళే రైలు దారిలోనే ఊరు. పని ఉన్నా లేకపోయినా ఒకసారి వెళ్ళి చూడాల్సిన చోటు.

ఇప్పుడు అసలు కష్టమైన పని, మనుషుల్ని అడగడం. తాతయ్య చెల్లెలు తెనాలిలో ఉంటుంది, మేము తెనాలి మామ్మ అంటాం. మొదటిసారి వెళ్ళినప్పుడు నేను తప్పు చేశాను. కాగితాలు ముందు పెట్టి "తాతయ్యకి ఇంకో పెళ్ళి అయిందా మామ్మా?" అని అడిగేశాను. ఆవిడ మొహం మారిపోయింది, "పాతవి ఎందుకు తవ్వుతావురా" అని లోపలికి వెళ్ళిపోయింది. మూడు నెలలు ఆగి మళ్ళీ వెళ్ళాను, ఈసారి చేతిలో ఏ కాగితమూ లేదు. ఆవిడ వసారాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, నేనూ పక్కన కూర్చుని తీయడం మొదలుపెట్టాను. అరగంట దాకా నా ఉద్యోగం, పిల్లల బడి, ఎండలు. తర్వాత "మామ్మా, మన అటక మీద సొట్ట బిందె గుర్తుందా, ఆ సొట్ట ఎలా పడింది?" అని అడిగాను. ఆవిడ చెయ్యి ఆగలేదు. "బావి గట్టు మీంచి నేనే పడేశాను, పెద్దొదిన సారె బిందె అది, ఒక్క మాట కూడా అనలేదు తెలుసా" అంది. ఆ తర్వాత నేనేమీ అడగక్కర్లేకపోయింది, చిక్కుడుకాయలు అయిపోయేదాకా ఆవిడే చెప్పింది.

కాబట్టి మనిషి గురించి అడగొద్దు, వస్తువు గురించి అడగండి. చేతులకి పని ఉన్నప్పుడు అడగండి, ఎదురుగా కాకుండా పక్కన కూర్చుని అడగండి. ఫోన్ రికార్డర్ పెడితే ముందే చెప్పి పెట్టండి. సంవత్సరం అడిగితే ఎవరికీ గుర్తుండదు, దివిసీమ ఉప్పెనకి ముందా వెనకా అంటే ఠక్కున చెప్తారు, అది 1977 నవంబర్ 19. కృష్ణా పుష్కరాలు కూడా మంచి గుర్తే, 1968, 1980, 1992, అలా పన్నెండేళ్ళకోసారి. చెప్పిన ప్రతి మాట పక్కనా "చూసింది" అనో "విన్నది" అనో రాసుకోండి. రెండొందల ఏళ్ళ కిందట ఈస్టిండియా కంపెనీ సర్వేయరు మెకంజీ కోసం మన ఊళ్ళు తిరిగి కైఫీయతులు, అంటే ఊరి చరిత్రలు, రాయించినప్పుడు కరణాలు చెప్పినవి అందులోకి ఎక్కాయి, ఊరి చరిత్ర రాసేవాళ్ళు ఇప్పటికీ వాటిని శాసనాలతో పోల్చి చూసుకునే వాడుకుంటారు. మామ్మ మాటకి నా దగ్గరున్న శాసనం ఆ దస్తావేజు నకలు.

ఇంకో జాగ్రత్త, ఏం దొరకాలో ముందే తీర్మానించుకోవద్దు. అమరావతిలో దీపాలదిన్నె అనే మట్టిదిబ్బని నిధి కోసం, కట్టడాలకి రాయి కోసం తవ్వారు. చెక్కిన పాలరాళ్ళు బయటపడితే కొన్నిటిని సున్నానికి కాల్చేశారు కూడా. 1798లో మెకంజీ వచ్చి చూశాడు, ఆ తర్వాత మిగిలినవాటిలో చాలా భాగం చెన్నైకీ లండన్‌కీ చేరాయి. నిధి వెతికేవాళ్ళ కళ్ళకి ఆ దిబ్బలో ఉన్న బౌద్ధ స్తూపం కనపడలేదు. నేనూ అంతే, "జ్యేష్ఠ కుమార్తె" చదవగానే తాతయ్య ఏదో అన్యాయం చేశాడని అనుకుని ఆరు నెలలు ఆయన ఫొటో వైపు సరిగా చూడలేకపోయాను. జరిగింది వేరు. ఆమె 1953లో పురిట్లో పోయింది, బిడ్డ కూడా దక్కలేదు. ఏడాది తిరక్కుండా పెద్దవాళ్ళు చెల్లెల్ని, అంటే మా నాయనమ్మని, అదే పెళ్ళిపీటల మీద కూర్చోబెట్టారు. అప్పుడామెకి పదహారేళ్ళు. అక్క పేరు ఎవరైనా ఎత్తితే ఆ పిల్ల అన్నం ముట్టేది కాదట, అందుకని ఇంట్లో ఆ పేరు అనడం మానేశారు, మానేసి మానేసి అరవై ఏళ్ళు అయిపోయింది.

తెలిశాక ఎవరికి చెప్పాలి అన్నది కూడా ఆలోచించాలి. ఆ నిజం ఎవరిదో ముందు వాళ్ళకే చెప్పాలి, ఫ్యామిలీ గ్రూపులో పెట్టకూడదు. దత్తత సంగతి అయితే మీకు మీరుగా బయటపెట్టే హక్కు అసలు లేదు, అది ఆ దత్తుకొచ్చిన మనిషి సొంతం. నేను నాయనమ్మని ఏమీ అడగలేదు. బిందె దించి, చింతపండు పెట్టి తోమి, నీళ్ళు పోసి ఆవిడ మంచం పక్కన పెట్టాను. సాయంత్రం చూస్తే ఆవిడ మంచం అంచున కూర్చుని ఆ చుక్కల అక్షరాల మీద వేలితో రాస్తోంది. "అక్క బిందె" అంది, అంతే.

ఆ ఏడాది మహాలయ పక్షాల్లో నాన్నగారితో సీతానగరం ఘాట్‌కి వెళ్ళాను. పురోహితుడు వరసగా చెప్పిస్తూ వచ్చి, "సాపత్నీ మాతరం", అంటే సవతి తల్లి, దగ్గర మామూలుగా దాటేయబోయాడు, మాకు ఎప్పుడూ లేరనే చెప్పేవాళ్ళం కదా. నాన్నగారు చెయ్యి ఎత్తి ఆపి, గోత్రం చెప్పి, బిందె మీది పేరు చెప్పి, నువ్వులతో నీళ్ళు వదిలారు.